లోహానికి పౌడర్ కోటింగ్ ఎలా చేయాలి: ఊడిపోని పూతకు దారి

ఎక్కడైనా పెచ్చు లేచిన పౌడర్ కోటింగ్ కనిపిస్తే, ఆ పెచ్చును గోటితో ఊడదీసి వెనక్కి తిప్పి చూడండి. దాని వెనుక గోధుమరంగు పొడి అంటుకుని ఉంటే, కింద తుప్పును వదిలేసి పూత వేశారన్నమాట. తెల్లటి బూడిదలాంటిది ఉంటే, లోహాన్ని శుభ్రం చేసే ట్యాంకులోని రసాయనాన్ని సరిగా కడిగివేయలేదు. వెనుక భాగం అద్దంలా నున్నగా ఉండి, కింద ఇనుము మెరుస్తుంటే, జిడ్డు పోలేదు, లేదా పూత పట్టు కోసం లోహం మీద రసాయనంతో ఏర్పరిచే ఫాస్ఫేట్ పొర పట్టలేదు. నేను చూసిన చెడిపోయిన పనుల్లో చాలా వాటికి కారణం ఈ మూడింటిలో ఒకటే. అందరూ పౌడర్‌ను తిట్టుకుంటారు గాని, తప్పు దాని కింద ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో పొడి చల్లే గన్ చేతికి వచ్చేసరికి సగం దారి గడిచిపోతుంది. ఓపికగా చదవండి.

ముందుగా పని ఎలా జరుగుతుందో రెండు మాటలు. రెసిన్, దాన్ని గట్టిపరిచే పదార్థం, రంగు, ఇతర పొడులు అన్నీ కలిపి కరిగించి, చల్లార్చి, పిండి చేస్తే వచ్చేదే ఈ పౌడర్. గన్ నుంచి వచ్చేటప్పుడు ప్రతి రేణువుకూ విద్యుదావేశం అందుతుంది. ఎర్తింగ్ ఉన్న లోహం దాన్ని తనవైపు లాక్కుంటుంది. ఆ తర్వాత ఓవెన్‌లో పొడి కరిగి, పారి, రసాయన చర్యతో గట్టిపడుతుంది. ఇందులో థిన్నర్ ఉండదు. అందుకే ఆవిరై గాలిలో కలిసేది దాదాపు ఏమీ లేదు, వస్తువుకు తగలకుండా పక్కకు పోయిన పొడిని కూడా పోగుచేసి మళ్లీ వాడుకోవచ్చు. 1950ల తొలినాళ్లలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్ అభివృద్ధి చేసిన పద్ధతిలో గన్ లేదు. గాలితో ఉడుకుతున్నట్టు కదిలే పొడిలో వేడి లోహాన్ని ముంచేవారు. గన్‌తో చల్లే పద్ధతి 1960ల్లో వచ్చింది. ముంచే పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది. పాత్రలు కడిగే యంత్రాల్లోని తీగ బుట్టలకు నైలాన్ పూత చాలా చోట్ల అలాగే వేస్తారు.

మొదటి పని: వస్తువు ఎక్కడ ఉండబోతోందో తేల్చుకోండి

రంగు ఎంచుకోవడం తర్వాత సంగతి. ఎండలో ఉండేదా, నీడలో ఉండేదా, రసాయనాలు తగిలేదా, మట్టిలో పూడ్చేదా? పౌడర్ రకాన్ని నిర్ణయించేది ఈ జవాబే.

ఎపాక్సీ పౌడర్ లోహాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తేమను, రసాయనాలను బాగా తట్టుకుంటుంది. కానీ దానికి ఎండ పడదు. ఎండలో పెడితే మెరుపు పోయి, చేత్తో రాస్తే సుద్దముక్కలా పొడి రాలుతుంది. అందుకే దాని చోటు భూమిలో వేసే పైపులైన్లు, కాంక్రీటులో ఉండే ఇనుప చువ్వలు, మోటార్ల లోపలి భాగాలు, లేదా పైన మరో పూత వచ్చే ప్రైమర్. పాలిస్టర్ ఎండకు నిలుస్తుంది. గేట్లు, కిటికీ ఫ్రేములు, సైకిళ్లు, వీధి దీపాల స్తంభాలు, ఏసీల బయటి యూనిట్లు దానివే. రెండూ కలిపిన హైబ్రిడ్ ఇంటి లోపలి వస్తువులకు సరిపోతుంది. బీరువాలు, ర్యాకులు, విద్యుత్ ప్యానెళ్లు, కుర్చీల కాళ్లు ఇందులోకి వస్తాయి. హైబ్రిడ్ తక్కువ ధరకు దొరుకుతుందని గేటుకు కూడా అదే వేసేవారున్నారు. కొత్తలో రెంటికీ తేడా కంటికి తెలియదు. ఒకటి రెండు వేసవులు గడిచాక రంగు పాలిపోయి అసలు సంగతి బయటపడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. పెట్టె మీది వివరాలు చదవండి, తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రం అడిగి తీసుకోండి.

ఎత్తైన భవనాల ముఖభాగాల్లాంటి చోట్ల ఇంకా మన్నికైన పాలిస్టర్లు, ఫ్లోరోపాలిమర్ పౌడర్లు వాడతారు. అల్యూమినియం పూతలకు అమెరికాలో ఉన్న ఏఏఎంఏ ప్రమాణాలు ఇక్కడ మంచి కొలమానం. ఫ్లోరిడా ఎండలో పెట్టి చేసే పరీక్షను ఏఏఎంఏ 2603 ప్రమాణం ఒక ఏడాది, 2604 అయిదేళ్లు, 2605 పదేళ్లు తట్టుకోవాలని కోరతాయి. "చాలాకాలం వస్తుంది" అన్న మాట కన్నా ఇలాంటి ఒక అంకె ఎంతో నయం.

రెండో పని: వస్తువు ఓవెన్‌కు తట్టుకుంటుందో లేదో చూడండి

మామూలు పౌడర్లకు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. రబ్బరు, ప్లాస్టిక్, గ్రీజు నింపిన బేరింగులు, వెల్డింగ్ గుంతలు పూడ్చిన మామూలు పుట్టీ, ఇవన్నీ ముందే తీసేయాలి. అన్ని వైపులా మూసేసిన బోలు గొట్టాల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండండి. లోపల చిక్కిన గాలి, నీరు వేడికి ఒత్తిడి పెంచి గొట్టాన్ని పగలగొట్టగలవు. కంటికి కనిపించని చోట చిన్న రంధ్రాలు వేయించండి. శుభ్రం చేసే ట్యాంకులో ముంచినప్పుడు లోపలికి దిగిన నీరు బయటికి కారడానికీ ఆ రంధ్రాలే దారి.

కత్తిలాంటి అంచులను గుండ్రం చేయండి. కరిగిన పూత పదునైన అంచు నుంచి వెనక్కి జరిగి అక్కడ పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. బయట ఉండే ఉక్కు నిర్మాణాలకు అంచు వ్యాసార్థం కనీసం 2 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. వెల్డింగ్ చేసినప్పుడు అంటుకున్న బొట్లను, చిట్టాన్ని ఇప్పుడే గ్రైండ్ చేయండి. పౌడర్ వాటిని దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది.

మూడో పని: శుభ్రం చేయడం

పూత మన్నిక ఇక్కడే తేలిపోతుంది.

మామూలు ఉక్కుకు వరుస ఇది. ముందు క్షార ద్రావణంలో జిడ్డు తీయడం, కడగడం. తుప్పు ఉంటే ఆమ్లంలో ముంచి తీయడం, మళ్లీ కడగడం. తర్వాత ఫాస్ఫేటింగ్, మళ్లీ కడగడం, చివరగా ఆరబెట్టడం. జింక్ ఫాస్ఫేట్ వాడితే దానికి ముందు స్ఫటికాలు సన్నగా, ఒత్తుగా ఏర్పడేందుకు యాక్టివేషన్ ట్యాంకు ఒకటి ఉండాలి. ఐరన్ ఫాస్ఫేట్ ఇంటి లోపలి వస్తువులకు చాలు. బయట ఉండేవాటికి జింక్ ఫాస్ఫేట్ వైపు మొగ్గండి. ట్యాంకు అడుగున బురద చేరుతుంది, రోజూ ద్రావణం గాఢత పరీక్షించాలి, అయినా ఆ శ్రమ వృథా కాదు. జింక్ ఫాస్ఫేట్ పొర సరిగా పట్టిన ఉక్కు ఒకే తీరుగా మసక బూడిదరంగులో ఉంటుంది. మెరిసే మచ్చలు, పసుపు చారలు కనిపిస్తే ముందుకు వెళ్లకండి.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. కడిగిన వస్తువు మీద శుభ్రమైన నీరు పోసి అర నిమిషం చూడండి. నీరు తెర చెదరకుండా పరుచుకుని ఉంటే శుభ్రమైనట్టే. తామరాకు మీద నీటిబొట్లలా విడిపోయి ముత్యాలు కట్టిందంటే అక్కడ నూనె ఉంది, మళ్లీ మొదటి ట్యాంకుకు పంపండి. పనివారికి ఈ ఒక్క పరీక్ష అలవాటు చేస్తే సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

మధ్యలో కడిగే నీళ్ల ట్యాంకులను చాలామంది పట్టించుకోరు. ఒకసారి నా పనిలో ఒక విడత గ్రిల్లులన్నీ బిగించిన కొద్ది వారాల్లోనే కీళ్ల దగ్గర బొబ్బలెక్కాయి. ఒక బొబ్బ చిదిమితే వేలికి తడి తగిలింది, తర్వాత తెల్లటి ఉప్పు ఆరింది. రెండు పట్టీలు ఒకదానిపై ఒకటి అతుక్కున్న సందులో ఆమ్లం నిలిచిపోయింది. కడిగే నీటిని మార్చి చాలా రోజులైంది, ఆ నీరే రసాయనంగా మారి ఉంది. అప్పటి నుంచి కడిగే ట్యాంకులోకి కొత్త నీరు సన్నటి ధారగా ఎప్పుడూ వచ్చేలా, పాత నీరు పొర్లిపోయేలా పెట్టాను. వీలైతే చివరిసారి కడగడానికి లవణాలు తీసేసిన నీటిని వాడండి. భవనాల అల్యూమినియానికి క్వాలికోట్ ప్రమాణం, చివరలో వస్తువు నుంచి కారే నీటి విద్యుద్వాహకత సెంటీమీటరుకు 30 మైక్రోసీమెన్స్ దాటకూడదంటుంది. చిన్న మీటరుతో ఎవరైనా కొలవవచ్చు.

మందపాటి ఉక్కు మీద నల్లటి మిల్ స్కేల్ (తయారీలో వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పెచ్చు) ఉంటే ట్యాంకులతో సరిపెట్టకండి, గరుకు రేణువులను వేగంగా కొట్టి శుభ్రం చేసే బ్లాస్టింగ్ చేయించండి. బయట ఉండే నిర్మాణాలకు ఎస్ఏ 2.5 స్థాయి (లోహం దాదాపు తెల్లగా తేలే శుభ్రత) దాకా బ్లాస్ట్ చేసి, జింక్ ఎక్కువగా ఉన్న ఎపాక్సీ ప్రైమర్ వేసి, పైన పాలిస్టర్ వేయడం గట్టి పద్ధతి. అల్యూమినియానికి దారి వేరు. ఉక్కు ట్యాంకుల్లోనే దాన్నీ ముంచేయకండి. ఉపరితలాన్ని రసాయనంతో కాస్త కొరికించి, జిర్కోనియం లేదా టైటానియం రకం పొర వేయాలి. పాత పసుపు క్రోమేట్ పొర బాగానే పనిచేస్తుంది, కానీ అందులోని ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. కొత్తగా పెట్టేవారు దాని జోలికి పోవద్దనే నా గట్టి అభిప్రాయం.

ఆమ్లం కలిపేటప్పుడు నీటిలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీరు పోయకూడదు. కళ్లద్దాలు, చేతితొడుగులు, రబ్బరు బూట్లు లేకుండా ఎవరినీ ట్యాంకు దగ్గరికి పంపకండి.

సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెట్టాక, వస్తువును ఒట్టి చేత్తో తాకకండి. వేలి చెమటలోని ఉప్పు, జిడ్డు చాలు. పూత కింద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు రావడం నేను కళ్లారా చూశాను. ఆరబెట్టినవాటికి ఆ రోజే పూత వేసేయండి.

నాలుగో పని: వేలాడదీయడం, ఎర్తింగ్

పౌడర్ లోహం మీద నిలవాలంటే ఆవేశం నేలలోకి పోయే దారి ఉండాలి. వస్తువు నుంచి ఎర్త్ దాకా నిరోధం 1 మెగా ఓమ్ కన్నా తక్కువ ఉండాలి, మెగ్గర్‌తో కొలవండి. అంతా బాగున్నా దెబ్బతీసేది హుక్కు. ప్రతి విడతలో హుక్కు మీద కూడా పూత పడి గట్టిపడుతుంది, నాలుగైదు విడతలయ్యేసరికి అది ప్లాస్టిక్ తొడుగు వేసుకున్న తీగలా తయారవుతుంది. ఒక పూటంతా నేను గన్ వోల్టేజీ మారుస్తూ, గాలి పెంచుతూ, తగ్గిస్తూ గడిపాను. పొడి మాత్రం అంటినట్టే అంటి రాలిపోతూనే ఉంది. చివరికి హుక్కు కొనను ఆకురాయితో రెండుసార్లు గీసి మళ్లీ తగిలించాను, పొడి అయస్కాంతానికి ఇనుప రజను పట్టినట్టు పట్టేసింది. హుక్కు వస్తువును తాకే చోట ఎప్పుడూ మెరిసే లోహమే ఉండాలి.

మరలు తిరిగే రంధ్రాలకు సిలికాన్ బిరడాలు, ఎర్త్ తీగ బిగించే చోట్లకు వేడిని తట్టుకునే టేపు వేయండి. వస్తువులను నీళ్లు నిలవని కోణంలో, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి.

అయిదో పని: గన్

ముందు గాలి సంగతి చూడండి. కంప్రెసర్ గొట్టాన్ని ఒక తెల్ల కాగితం మీదికి నిమిషం పాటు వదలండి. తడి గాని నూనె చుక్క గాని కనిపిస్తే ఫిల్టర్లు, డ్రయ్యర్ సరిచేసే దాకా పని ఆపండి. నూనె తగిలిన చోట పూత గుంతలు పడుతుంది. దగ్గరలో ఎవరైనా సిలికాన్ స్ప్రే కొట్టినా అంతే.

చదునైన రేకులకు 60 నుంచి 80 కిలోవోల్టులు, గన్‌కు వస్తువుకు మధ్య 15 నుంచి 25 సెంటీమీటర్ల దూరం మంచి ఆరంభం. చేతిని ఒకే వేగంతో కదపండి, ప్రతి పట్టీ ముందు పట్టీ మీద సగం పడేలా చూడండి. గాలి ఎక్కువ పెడితే పని వేగంగా జరుగుతుందనిపిస్తుంది, నిజానికి ఆ గాలి వేసిన పొడినే ఊదేస్తుంది. పొడి మెత్తటి మేఘంలా వెళ్లి వాలాలి.

లోపలి మూలలే కష్టం. విద్యుత్ బలరేఖలు దగ్గరగా ఉన్న అంచులనే పట్టుకుంటాయి, పెట్టె లోపలి మూలకు పొడి చేరదు. దీన్ని ఫారడే కేజ్ ప్రభావం అంటారు. మూల నిండలేదని వోల్టేజీ పెంచడం చాలామంది చేసే పొరపాటు, దానితో అంచులు మరింత ఒత్తుగా అవుతాయి తప్ప మూల ఖాళీగానే ఉంటుంది. వోల్టేజీని 30 నుంచి 50 కిలోవోల్టులకు తగ్గించండి, గాలి తగ్గించండి, పొడిని చదునైన పాయలా చిమ్మే ముక్కు పెట్టి మూలలను ముందు నింపండి. చదును భాగాలు ఆ తర్వాత. ఈ వరుస ఎప్పుడూ తప్పకండి.

పూత గట్టిపడ్డాక 60 నుంచి 80 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం చాలా వస్తువులకు సరిపోతుంది. ఎక్కువైతే బలం కాదు. పేరుకున్న ఆవేశం వెనక్కి తన్ని పొడిలో చిన్న చిన్న గుంతలు చేస్తుంది, ఓవెన్ తర్వాత పైభాగం నారింజ తొక్కలా కనిపిస్తుంది. ఎంత పౌడర్ కావాలో తెలుసుకోవడానికి 1000ని పౌడర్ సాపేక్ష సాంద్రత, మైక్రాన్ల లబ్ధంతో భాగించండి. సాంద్రత 1.5, మందం 60 మైక్రాన్లయితే, వృథా ఏమీ లేదనుకుంటే, కిలోకు సుమారు 11 చదరపు మీటర్లు వస్తుంది. వృథా ఎంతో మీ బూత్‌ను (పొడి చల్లే గదిని) బట్టి కలుపుకోండి.

ఒక మంచి వెసులుబాటు ఉంది. ఓవెన్‌లో పెట్టేముందు తప్పు కనిపిస్తే గాలితో ఊదేసి మళ్లీ వేసుకోవచ్చు. అందుకే ప్రతి వస్తువునూ బూత్ బయట వెలుతురులో ఒకసారి తిప్పి చూడండి.

ఆరో పని: ఓవెన్

పెట్టె మీద 200 డిగ్రీలు, 10 నిమిషాలు అని ఉంటే అది లోహం వేడి, ఓవెన్‌లోని గాలి వేడి కాదు. లోహం ఆ వేడికి చేరిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. 1 మిల్లీమీటరు రేకు కొద్ది నిమిషాల్లో చేరుకుంటుంది, 10 మిల్లీమీటర్ల పలకకు అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. రెంటినీ ఒకే విడతలో పెట్టి ఒకే సమయానికి తీస్తే పలక మీద పూత పచ్చిగా ఉంటుంది, లేదా రేకు మీది తెలుపు పసుపెక్కుతుంది. మందాన్ని బట్టి విడతలు వేరు చేయండి. మందపాటి భాగానికి వేడిని కొలిచే థర్మోకపుల్ అతికించి ఒకసారి కొలిచి, ఆ సమయాన్ని గోడ మీద రాసి పెట్టుకోండి.

గాల్వనైజ్ చేసిన (జింక్ పొర పట్టించిన) ఉక్కు, పోత పోసిన భాగాలు వేడికి లోపలి గాలిని వదులుతాయి, ఆ బుడగలు పూతలో సూదిబెజ్జాలు చేస్తాయి. పూతకు ముందే, పూత గట్టిపడే వేడికి కాస్త పైన వాటిని ఒకసారి కాల్చండి. వేడితో గట్టిపరిచిన అల్యూమినియం మిశ్రమాలను, ముఖ్యంగా చక్రాలను మాత్రం 200 డిగ్రీలు దాటనివ్వకండి, లోహం బలమే తగ్గవచ్చు. వాటికి తక్కువ వేడికి గట్టిపడే పౌడర్ ఎంచుకోండి.

ఏడో పని: పరీక్షించడం

చల్లారాక మందం మీటరుతో అయిదారు చోట్ల కొలవండి, మూలలను మరవకండి. వస్తువులతో పాటే పూత వేసిన ఒక రేకు ముక్క మీద పట్టు పరీక్ష చేయండి. ఐఎస్ఓ 2409 ప్రకారం 61 నుంచి 120 మైక్రాన్ల పూతకు 2 మిల్లీమీటర్ల ఎడంతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు లోహం దాకా కోసి, టేపు అంటించి లాగుతారు. గళ్లు ఒక్కటీ ఊడకూడదు. పూత పూర్తిగా గట్టిపడిందో లేదో తెలియాలంటే ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావకంలో తడిపిన గుడ్డతో రుద్ది చూడండి. రంగు గుడ్డకు బాగా దిగి, పూత మెత్తబడి గోటికి గీత పడితే పచ్చిగా ఉన్నట్టే, మళ్లీ ఓవెన్‌లో పెట్టవచ్చు.

అగ్ని, ఊపిరి

గాలిలో తేలే పౌడర్ నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. బూత్ ఫ్యాను ఆగితే గన్ కూడా దానంతటదే ఆగేలా వైరింగ్ ఉండాలి. బూత్ నోటి దగ్గర లోపలికి లాగే గాలి వేగం సెకనుకు సుమారు 0.5 మీటర్లు ఉండాలి. గన్ పట్టే మనిషి కూడా ఎర్త్ అయి ఉండాలి, అంటే ఆవేశాన్ని నేలలోకి పోనిచ్చే బూట్లు వేసుకోవాలి, గన్ పిడి చర్మానికి తగలాలి. నేల మీది పొడిని చీపురుతో గాని గాలితో గాని లేపకండి, ఇలాంటి పొడికోసమే చేసిన వాక్యూమ్ క్లీనర్ వాడండి. దుమ్మును ఆపే మాస్కు తప్పనిసరి. కొన్ని పాలిస్టర్ పౌడర్లలో టీజీఐసీ అనే గట్టిపరిచే పదార్థం ఉంటుంది. అది జన్యువులకు హాని చేస్తుందని తేలింది. అది లేని పాలిస్టర్లు మార్కెట్లో మామూలుగా దొరుకుతున్నాయి, అవే అడగండి.

పౌడర్ పెట్టెను పొడిగా, 25 డిగ్రీల లోపు ఉంచండి, ఓవెన్ పక్కన వద్దు. గడ్డకట్టిన పొడిని నలిపి వాడే ప్రయత్నం చేయకండి. రంగు మార్చినప్పుడల్లా గన్, గొట్టాలు, బూత్ పూర్తిగా శుభ్రం చేయాలి. తెలుపులో ఒక్క నల్ల రేణువు పడినా కనిపిస్తుంది. పోగుచేసిన పొడిని జల్లెడ పట్టి కొత్తదానితో కలిపి వాడండి. లోహపు మెరుపున్న రంగుల్లో మాత్రం ఛాయ మారిపోతుంది, వాటిలో వద్దు.

బిగించేటప్పుడు గీత పడితే అక్కడ సన్నని గరుకు కాగితంతో రుద్ది, అదే రంగు రెండు భాగాల ద్రవ పెయింటు చిన్న కుంచెతో వేయండి. మొత్తం వస్తువుకే మళ్లీ పూత వేయాల్సివస్తే, పైభాగం మెరుపు పోయేదాకా రుద్ది, మామూలు కన్నా తక్కువ వోల్టేజీతో వేయండి. కింది పూత విద్యుత్తును ఆపుతుంది కాబట్టి ఆవేశం త్వరగా పేరుకుంటుంది. వస్తువు అప్పగించేటప్పుడు యజమానికి ఒక మాట చెప్పి పంపండి: దుమ్ము పడితే మెత్తటి గుడ్డ, తేలికపాటి సబ్బు నీరు చాలు, ఆమ్లం కలిసిన శుభ్రపరిచే ద్రావణాలు వద్దు, వర్షాకాలం ముందు గేటు కింది కీళ్లను, నీరు నిలిచే మూలలను ఒకసారి వంగి చూసుకోమనండి.